గుటక

"కదలకండి" అని అద్దంలోని కంఠదర్శిని అనగానే దమయంతి కావాలనే గుటక వేసింది.

కాకినాడలో ఇప్పుడు ప్రతి ఇంటి అద్దంలోనూ కంఠదర్శిని ఉంది. పళ్ళు తోముకునేలోపు థైరాయిడ్ గ్రంథిని చూసి, అందులోని గడ్డ మంచిదో చెడ్డదో చెప్పేస్తుంది. ఉమ్మిని పరీక్షించే జన్యుజల్లెడ తన తీర్పు వేరుగా చెబుతుంది. రెండూ ఒక్కమాట మీదుంటే ఆసుపత్రి ముఖం చూడక్కర్లేదు. పొంతన కుదరకపోతేనే మనిషి దగ్గరికి, సూది పరీక్షకి పంపుతారు.

గుటక వేస్తే బొమ్మ చెదిరి కంఠదర్శిని అనుమానపడుతుందని దమయంతి ఒకసారి దగ్గొచ్చినప్పుడు కనిపెట్టింది. సరుకులు గొట్టంలోంచి వస్తాయి, జుట్టు యంత్రం కత్తిరిస్తుంది. ఆమెను ముట్టుకునే మనిషి ఆ సూది పరీక్ష చేసే డాక్టర్ ఇస్మాయిల్ ఒక్కడే. ఏం చేస్తుంది పాపం, ఆ కాస్త స్పర్శ కోసం మెడలో ఎప్పట్నుంచో ఉన్న చిన్న గడ్డను అడ్డం పెట్టుకుంది. కిందటి వేసవి నుంచి మాత్రం ఎన్ని గుటకలేసినా పిలుపు రాలేదు. ఇవాళ వచ్చింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళింది.

ఇస్మాయిల్ వెనక నిలబడి మెడమీద వేళ్ళు ఆనించాడు. వెచ్చగా ఉన్నాయి. ఆమె కళ్ళు మూసుకుంది. ఆ వేళ్ళు ఒకచోట ఆగి, మళ్ళీ అక్కడికే వచ్చాయి. ఆయన సూది పరీక్ష చేసి, గుచ్చినచోట దూది అదిమి పట్టుకుని, బల్లమీద తెరలో ఫలితం చదివాడు.

"రోజూ గుటకేస్తున్నారు కదమ్మా?"

దమయంతి తల వంచుకుంది. "మీకు తెలుసా?"

"మొదట్నుంచీ తెలుసు. ఒంటరిగా ఉంటారని ఊరుకున్నాను, నాదీ తప్పే. అద్దం కూడా మీకు అలవాటుపడిపోయింది. గడ్డ నిజంగా పెరుగుతున్నా, గుటకే అనుకుని బాగుందని రాసేస్తోంది. ఇవాళ పట్టుకున్నది జల్లెడ."

"చెడ్డదా?"

"చెడ్డదేనమ్మా. ముందే తెలిసుంటే చిన్న కోతతో పోయేది. ఇప్పుడు గ్రంథి మొత్తం తియ్యాలి. బతుకుతారు, ఆ భయం పెట్టుకోకండి. వెంట ఎవరొస్తారు?"

ఎదురింటివాళ్ళ పేరు కూడా ఆమెకు తెలీదు.

"మీరు రారా?"

"ఆపరేషన్ గదిలో కోసేవీ కుట్టేవీ అన్నీ మరచేతులేనమ్మా. నన్ను లోపలికి రానివ్వరు."

"అయితే ఇంకొంచెంసేపు పట్టుకోండి డాక్టరుగారూ" అంది నెమ్మదిగా.

సూది గుచ్చినచోట రక్తం ఎప్పుడో ఆగిపోయింది. ఆయన దూది తియ్యలేదు.