మాలతి పెద్దమ్మ ముద్ద

గద్వాలలో కోట వెనక వీధి. కింద మగ్గాలు ఆడే ఇంట్లో పై వాటా స్వరూపవాళ్లు అద్దెకు తీసుకున్నారు. మొగుడు అరవింద్‌కు పత్తి విత్తనాల కంపెనీలో పని. పూలకు చేత్తో పుప్పొడి అద్ది క్రాసింగు చేసే కాలం వచ్చిందంటే పొద్దున్నే బండి మీద సొంతూరు గట్టు చుట్టుపక్కల చేలకు పోయి, దీపాలు పెట్టాక గానీ ఇల్లు చేరడు. పగలంతా ఇంట్లో ఉండేది స్వరూప, మూడేళ్ల కూతురు జమున, ఒక ఫోను. కింద నుంచి మగ్గం చప్పుడు టక్కు టక్కుమని వస్తూనే ఉంటుంది. అది ఆగితేనే తల్లీకూతుళ్లకు ఏదో వెలితిగా ఉండేది.

స్వరూపకు ఏ సందేహం వచ్చినా ఫోన్‌నే అడిగేది. తల్లుల ముచ్చట్లు అని ఒక గ్రూపుంది. మాడిన గిన్నె ఎట్లా తోమాలి, కుక్కరు మూత ఎందుకు కారుతోంది, ఇడ్లీ పిండి పులవకపోతే ఏం చేయాలి... అడగడమే ఆలస్యం, చెప్పేవాళ్లు వందమంది. ఒక్కరి ముఖమూ తెలియదు. గట్టులో ఉన్న అత్త నాగేంద్రమ్మను అడిగితే చిటికెలో తేలిపోయే సంగతులే అవన్నీ. కానీ అత్త జవాబు చెప్తే దానికి తోడు ఒక దెప్పు కూడా ఉంటుంది. ఫోను దెప్పదు. అందుకే స్వరూపకు అది ముద్దు.

జమునది తిండి పేచీ. మూడు ముద్దలు తినేసరికి మూతి తిప్పేస్తుంది. అంగన్‌వాడీలో తూకం వేసినప్పుడల్లా టీచరు పెదవి విరిచేది. నాగేంద్రమ్మ అయితే, "పిల్లను ఎండబెడుతున్నవ్ గదా" అని ఒక్క మాట అనేసింది. ఆ మాటకు స్వరూప రెండు రోజులు ఏడ్చి, మూడోనాడు కళ్లు తుడుచుకుని గ్రూపులో పెట్టింది. "మా పాప అన్నం తింటలేదు. జర ఉపాయం చెప్పుండ్రి."

టానిక్కుల పేర్లు వచ్చాయి, కాకరకాయ రసం వచ్చింది, టీవీ ముందు కూర్చోబెట్టమన్నవాళ్లూ ఉన్నారు. వాటన్నిటి కిందా మాలతి అని ఒకావిడ రాసింది. ఆమె పేరు పక్కన ముఖం లేదు, తోమి బోర్లించిన స్టీలు పళ్లెం బొమ్మ ఉంది.

"పేర్లు పెట్టి తినిపిస్తున్నవా చెల్లె?"

"తినిపిస్తున్న అక్కా. నాన్న ముద్ద, అవ్వ ముద్ద, బాబాయి ముద్ద అని. మూడింటికే మా ఇంట్ల మనుషులు అయిపోతరు."

"అయితే నాలుగోది నా పేరు మీద పెట్టు. మాలతి పెద్దమ్మ ముద్ద అను."

స్వరూప నవ్వుకుంది. ఇందులో తప్పేముందని ఎవరైనా అనుకుంటారు. ప్రతి ఇంట్లో పిల్లలకు ముద్దలు పెట్టేది అట్లాగే కదా, ఇది మామది, ఇది అత్తది అంటూ. ఆ మధ్యాహ్నమే పప్పన్నం కలిపి మూడు ముద్దలు పెట్టింది. జమున మూతి తిప్పింది. "ఇది మాలతి పెద్దమ్మ ముద్ద" అంది స్వరూప.

పిల్ల నోరు తెరిచింది. కొండనాలుక కనిపించేంత తెరిచింది.

ఆ రోజు పళ్లెం ఖాళీ అయింది. మర్నాడు రెండు పళ్లేలు. మొదటి మూడు ముద్దలు కూడా పిల్ల వద్దంది, అన్నీ మాలతి పెద్దమ్మవే కావాలంది. స్వరూప సంతోషం పట్టలేక గ్రూపులో అక్కకు దండాలు పెట్టింది. అక్క రోజూ పలకరించేది. రేపు జొన్న రొట్టె చెయ్ చెల్లె. రేపు ఎండుచేపల పులుసు. రేపు సద్దన్నం, బాగా పులిసింది. స్వరూప అన్నీ చేసింది. పిల్ల తింటుంటే ఏ తల్లి మాత్రం చేయదు?

ఒకనాడు పొద్దున్నే మెసేజు వచ్చింది.

"నిన్నటి చింతాకు పప్పుల ఉప్పు తక్కువైంది."

స్వరూప ఆ మాటను మళ్లీ మళ్లీ చదివింది. నిన్న ఉప్పు తక్కువైన మాట నిజమే. తను తిన్నప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. అరవింద్ ఆ రాత్రి చేను దగ్గరే తిని వచ్చాడు. తను కాక ఆ పప్పు తిన్నది జమున ఒక్కతే.

అప్పుడు చూసింది కూతుర్ని, సరిగ్గా, భయంగా. ఇన్నాళ్లూ ఖాళీ పళ్లేన్నే చూసి మురిసిపోయింది గానీ పిల్లను చూడలేదు. చేతులు పుల్లల్లా అయ్యాయి. పొట్ట మాత్రం బిర్రుగా ఉంది. ఎత్తుకుంటే బరువే లేదు. నోరు వాసన వస్తోంది. పాల పళ్ల నోట్లోంచి తమలపాకు, పొగాకు, దాని వెనక ఎన్నేళ్లుగానో కడగని పుచ్చిన పళ్ల కంపు. స్వరూప ముఖం తిప్పేసుకుంది. కన్నబిడ్డ నోరు తనకు రోత పుట్టించిందని తలుచుకుంటే ఏడుపొచ్చింది. దవాఖానకు తీసుకుపోతే నులిపురుగుల మందిచ్చి పంపారు. మాలతి మెసేజులు రాకుండా ఆపేద్దామని గ్రూపు తెరిస్తే ఆ పేరే అందులో లేదు. మెసేజులు మాత్రం వస్తూనే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చేసరికి పిల్ల కనపడలేదు. మెట్ల కింద కుడితి బకెట్టు ఉంటుంది. వీధి చివర బర్రెలున్న కురుమయ్య సాయంత్రం వచ్చి ఎత్తుకుపోతాడు. జమున దాని పక్కన గొంతుక్కూర్చుని ఉంది. మోచేతి దాకా చెయ్యి అందులోనే. ఉబ్బిన మెతుకులు, తొక్కలు, పాచిన గంజి, పైన జిడ్డు తెట్టు, దాని మీద ఈగలు. పిల్ల గుప్పెడు తీసి నోట్లో కుక్కుకుంది. తొందర లేదు. పళ్లు లేని ముసలిదానిలాగా ఒక దవడ పక్కకు పెట్టి, కళ్లు సగం మూసుకుని నెమ్మదిగా నములుతోంది.

స్వరూప దాని నోట్లో వేలు పెట్టి తోడింది. ఆలుగడ్డ తొక్కు వచ్చింది. టీ పొడి వచ్చింది. చివరికి ఒక ఈగ వచ్చింది, కాళ్లు ఇంకా కదులుతున్నాయి. స్వరూప అక్కడే గోడ పట్టుకుని కక్కుకుంది. పిల్ల ఏడవలేదు. వేలు తీసేసిన చోటును నాలుకతో తడుముకుంటూ తల్లి కక్కిన దానివైపే చూస్తోంది.

కొంగులో ఫోను మోగింది.

"కుడితి రుచే వేరు చెల్లె. ఎన్నేండ్లయిందో."

ఇక అభిమానం, గిభిమానం ఏమీ మిగల్లేదు. అత్తకు ఫోను చేసింది.

మర్నాడు పొద్దున బస్సులో నాగేంద్రమ్మ దిగింది. వచ్చీ రాగానే మనవరాలి నోరు వాసన చూసి, కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. కోడలు మొదటి నుంచీ చెప్పింది. ఈసారి దెప్పలేదు ముసలామె. దెప్పకపోవడమే స్వరూపకు ఎక్కువ భయమేసింది.

"ఆమెను నువ్వు కండ్లతోని చూసినవా?"

"లే అత్తా. ఫోన్‌లనే."

"బతికున్న మనిషో కాదో తెల్వకుండ పేరు పెట్టి ముద్ద పెట్టినవ్."

స్వరూప పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"పేరు చెప్పి ముద్ద పెట్టుడంటే వాళ్లను కూడుకు పిలిచినట్టు బిడ్డా. బతికినోళ్లయితే ఏడనో ఒకతాన వాళ్ల కూడు వాళ్లు తింటరు. గందుకే పిల్ల తిన్నది పిల్లకే అంటుతది. సచ్చినోళ్లకు ఏడుంది కూడు? పిలిచినవ్, వచ్చింది. ఏడ కూసుంటది? పిల్ల నోట్లనే కూసుంటది." గొంతు తగ్గించి ఆగింది. "బతికినోళ్లకు నోట్ల పెట్టాలె. సచ్చినోళ్లకు బయట ఇస్తరిల పెట్టాలె. గిది తెల్వదా నీకు?"

తెలుసు. చనిపోయిన పెద్దలకు పెట్టే పెత్తరమాసకు ప్రతి ఏడూ చూస్తున్నదే. కానీ ఫోనులో అక్కా అని పిలిపించుకున్న మనిషి చచ్చిపోయిందో బతికుందో అడగాలని ఎవరికి తోస్తుంది?

నాగేంద్రమ్మే వండింది. జొన్న రొట్టె, చింతాకు పప్పు, ఎండుచేపల పులుసు. మోదుగాకు విస్తరిలో అన్నీ వడ్డించి డాబా పిట్టగోడ మీద పెట్టి, "మాలతీ, ఇది నీది. తిని పోమ్మా" అని దండం పెట్టింది. ఇద్దరూ తలుపు పక్కన నిలబడి చూశారు. కాకి ఒకటి తీగ మీద వాలింది. విస్తరి వైపు చూసింది. ఎగిరిపోయింది.

మధ్యాహ్నం గడిచింది. ముసురు పట్టింది. రొట్టె నాని ఉబ్బింది. పప్పు మీద చీమలు బారుకట్టాయి. పులుసులోంచి చెడ్డ కంపు లేచింది. ఒక్క పిట్ట కూడా ముట్టలేదు.

"తీసుకుంట లేదు" అంది నాగేంద్రమ్మ.

మునిమాపు వేళ కరెంటు పోయింది. కింద మగ్గం ఆగింది. చప్పుడు ఆగిన ఆ చీకట్లో ఇంకో చప్పుడు వినిపించింది... తడిగా, నిదానంగా... ఎవరో నములుతున్నారు. స్వరూప ఫోను వెలుగు మంచం మీద వేసింది. జమున వెల్లకిలా పడుకుని ఉంది. చేతుల్లో ఏమీ లేదు. నోట్లోనూ ఏమీ లేదు. అయినా నములుతోంది. చెంప లోపలి కండను కొరుకుతోంది. పెదవి చివర నుంచి ఎర్రగా చొంగ కారుతోంది.

స్వరూప ఆ ఫోనులోనే రాసింది. "అక్కా, నీకేం కావాలె?"

జవాబు వెంటనే వచ్చింది.

"నాకు ఇస్తరి వద్దు చెల్లె. గీ నోరు అలవాటైంది."

మంచం మీద నమలడం ఆగింది. పిల్ల తల తిప్పి తల్లి వైపు చూసింది. గుసగుసగా అంది.

"ఆకలైతుంది... చెల్లె."

నాగేంద్రమ్మ గోడకు అతుక్కుపోయింది. స్వరూప డాబా మీదికి పోయి, వానలో ఆ విస్తరి ఎత్తుకొచ్చి, పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది. చీమలు చేతుల మీదికి పాకాయి.

"ఏం చేస్తున్నవే?" అంది అత్త.

స్వరూప విస్తరిని దగ్గరికి లాక్కుంది. పిల్ల కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా అంది. "అక్కా, పిల్ల నోరు చిన్నది. ఎంత తింటవ్ దాంట్ల? నా నోరు పెద్దది. ఇటు రా."

రొట్టె పిసికి ముద్ద చేసింది. అది వేళ్ల మధ్య జిగురుగా సాగింది. "ఇది మాలతక్క ముద్ద" అని నోట్లో పెట్టుకుంది. చీమలు నాలుక మీద కుట్టాయి. పులిసిన కంపు ముక్కులోకి ఎక్కింది. మింగింది. ఇంకో ముద్ద. పులుసులో చేప చర్మం అంగిలికి అంటుకుంది. వేలితో గీకి మింగింది. "ఇది మాలతక్కది." ఇంకోటి. "ఇదీ మాలతక్కదే." కళ్ల నుంచి నీళ్లు, ముక్కు నుంచి నీళ్లు. ఆకు నాకి శుభ్రం చేసింది. అంత రోత పని పగవాళ్లకు కూడా వద్దు. కూతురి కోసం కాకపోతే ఆమె కూడా చేసేది కాదు.

చివరి ముద్ద దిగింది. జమున ఒక్కసారి లేచి కూర్చుని భళ్లున కక్కుకుంది. నల్లటి నీళ్లు, వక్క పొట్టు, వాటి మధ్య ఒక పన్ను. పెద్దది, అరిగిపోయింది, కిళ్లీతో గారపట్టింది. నాగేంద్రమ్మ పిల్ల నోరు తెరిచి చూసింది. పాల పళ్లన్నీ ఉన్నాయి. ముసలామె ఆ పన్నును చీపురుతోనే తోసుకుంటూ పోయి మోరీలో వేసి, ఆ చీపురు కూడా పారేసింది.

"అమ్మా" అని ఏడ్చింది జమున. చెల్లె అనలేదు.

మర్నాడు అన్నం కలిపి పెడితే మూడు ముద్దలకే మూతి తిప్పింది. ఆ మూతి తిప్పడం చూసి స్వరూప పిల్లను కరుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఫోనులో గ్రూపు తీసేసింది. మెసేజులు మళ్లీ రాలేదు. సందేహమొస్తే అత్తనే అడుగుతోంది. అత్త దెప్పుతోంది, స్వరూప పడుతోంది. పిల్ల చెంపల్లోకి కాస్త నెత్తురు వచ్చింది. నోరు పాల వాసన వేస్తోంది. స్వరూపకు కూడా ఏమీ కాలేదు. అందరి లాగే ఆకలేస్తోంది, అందరి లాగే తింటోంది.

వారం తిరిగాక ఒక పొద్దున ఎండ బాగా కాసింది. నాగేంద్రమ్మ డాబా మీద కూర్చుని తోటకూర ఏరుతోంది. జమున పక్కన ఆడుకుంటోంది. స్వరూప వంటింట్లో, కిటికీ దగ్గర నిలబడి బియ్యం కడుగుతోంది.

జమున పూల కుండీలో మట్టి తీసి తడిపి ముద్దలు చేసింది. ఒకటి గుడ్డ బొమ్మ మూతికి అద్ది, "ఇది నాన్న ముద్ద" అంది. ఇంకోటి అద్ది, "ఇది అవ్వ ముద్ద" అంది. ముసలామె నవ్వింది. పిల్ల మూడో ముద్ద బొమ్మకు పెట్టలేదు. లేచింది. మూలనున్న మోదుగాకు ఒకటి తెచ్చింది. ముని వేళ్ల మీద నిలబడి పిట్టగోడ మీద ఆకు పరిచి, మట్టి ముద్ద అందులో పెట్టి, చిన్న చేతులు జోడించింది.

"ఇది అమ్మ ముద్ద."

నాగేంద్రమ్మ చేతిలో తోటకూర జారిపోయింది. పిల్లను పిలవబోయేలోపే కాకి వచ్చింది. తీగ మీద ఆగలేదు. నేరుగా గోడ మీదికి దిగి, ముద్దను ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

కిటికీ అవతల స్వరూప బియ్యం కడగడం ఆపింది. పళ్ల కింద ఏదో కరకరలాడింది. తొట్టిలోకి ఉమ్మింది. తడి మట్టి.