పరాయి ఇరుసు

రెండువేల ఇరవై ఐదు, సెప్టెంబరు ఇరవై ఒకటి, ఆదివారం. పెత్రమాస, పెద్దల అమావాస్య. సాయంత్రం ఏడుంబావు.

అమీర్‌పేట నుంచి బల్కంపేట దిక్కు పోయే ఒక గల్లీలో, ఇంటి కింది పార్కింగులో, చంద్రిక విస్తరి పట్టుకుని నిలబడింది. తెల్లారకముందు లేచిన మనిషి. గారెలు, గుమ్మడికాయ కూర, పప్పు, అన్నం వండి, కూతురు సుష్మితకు బతుకమ్మ పేర్చి ఇచ్చి, ఇప్పటిదాకా నడుము వాల్చలేదు. గల్లీలో ఆడవాళ్ళు ఆట ముగించి ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. సన్నగా వాన తుంపర. తడిసిన తంగేడు పూల వాసన.

ఎదురుగా మామ జీపు. ఆయన పోయి నాలుగేళ్ళైనా బండిని అమ్మలేదు. భర్త మహిపాల్ పంజాగుట్టలో ఒక ఆఫీసులో లిఫ్టులు చూసుకుంటాడు. సెలవు దొరికితే జీపులో జనాన్ని అనంతగిరి గుట్టలకు తీసుకుపోయి రాళ్ళెక్కిస్తాడు. దాని కోసమే పెద్ద టైర్లు వేయించాడు. ఆ బరువుకు పోయిన నెల ఎత్తు మీద వెనక ఇరుసు విరిగింది. జీపు వెనక్కి జారి లోయ అంచున, ఒక బండకు తట్టుకుని ఆగింది. పక్క సీట్లో సుష్మిత ఉంది.

అప్పటి నుంచి ఇంట్లో ఇదే పంచాయితీ. మెకానిక్ సురేందర్ బోరబండ నుంచి ట్రాలీలో ఒక లావు ఇరుసు తెచ్చి, గోనెపట్టా కప్పి, జీపు పక్కన పెట్టి పోయాడు.

"గీ యాక్సిల్ ఏస్తే గుట్టలెక్కినా ఫికర్ లేదు వదినా. సెకండ్ హ్యాండ్‌దే గని, ఏనుగును సుత మోస్తది."

అత్త రుద్రమ్మ ఒప్పుకోలేదు. "పాతది అతికిచ్చి, చిన్న టైర్లేసి, రోడ్డు మీద నడుపుకోండ్రి. గుట్టలెక్కి ఎవలను ఉద్ధరించాలె?"

మహిపాల్ ఎటూ తేల్చలేదు. సురేందర్ తెల్లారి వస్తానన్నాడు. చంద్రికకు మాత్రం ఒకటే గుబులు. ఈ ఇరుసు వేస్తే మళ్ళీ ఆ గుట్టలకే పోతారు, తండ్రీ కూతుళ్ళిద్దరూ.

పెత్రమాస నాడు పోయినవాళ్ళకు విస్తరి పెట్టి, పేరు పెట్టి పిలవాలి. ఆ పని కొడుకుది. మధ్యాహ్నమే కావలసింది, మహిపాల్ డ్యూటీతో సాయంత్రమైంది. ఇప్పుడేమో ఫోను.

"పంజాగుట్ట చౌరస్తాల ఇరుక్కున్న చంద్రికా. బండ్లు కదుల్తలేవు. నువ్వే పెట్టు."

"నేనెట్ల పిలుస్తనయ్యా మామ పేరు?"

"మనసుల అనుకో. జర పెట్టెయ్యి, పొద్దు పోయింది."

కోడలు మామ పేరు నోటితో పలకదు. అత్త తన మొగుడి పేరు పలకదు. పైగా ఆమెకు మోకాళ్ళ నొప్పి, మెట్లు దిగలేదు. చంద్రికకు వాదించే ఓపిక కూడా లేదు. జీపు చుట్టూ నేల తడిగా ఉంది. గోనెపట్టా ఒక్కటే పొడిగా కనిపించింది. విస్తరి దాని మీద పెట్టి, చేతులు జోడించింది.

"వచ్చి తిను. ఈ ఇరుసు ఎయ్యాల్నో వద్దో నువ్వే చెప్పు."

పేరు లేదు. అంతే.

కరెంటు పోయింది.

మొదట ఆమెకు భయం కలగలేదు. వానకు పోతూనే ఉంటుంది. మెట్ల దిక్కు తిరిగింది. వెనక విస్తరి ఆకు గరగరమని కదిలింది. ఎలుకేమో అనుకుంది. తర్వాత నమిలే చప్పుడు. నెమ్మదిగా... చాలా రోజుల ఆకలి మీద ఉన్న మనిషి, ఎవరైనా లాక్కుంటారేమోనని తిన్నట్టు.

మామ పక్కన ఎప్పుడూ బీడీ వాసన ఉండేది. ఇది అది కాదు. మాడిన నూనె వాసన. దాని కింద, పచ్చి నెత్తురు వాసన.

"మామా..." అంది.

నమలడం ఆగింది.

"ఎవలిల్లు ఇది?"

పడుచు మగవాడి గొంతు. నేల మీద నుంచి వచ్చింది, బోర్లా పడుకుని మాట్లాడుతున్నట్టు.

చంద్రిక లోపల ఎల్లమ్మను తలుచుకుంది.

"బండి బోర్లపడ్డది... చీకటున్నది... నా బిడ్డ ఏది?"

అప్పుడే పైన తలుపు తెరుచుకుంది. టకటక చిన్న అడుగులు మెట్లు దిగుతున్నాయి.

"అమ్మా! నానమ్మ పిలుస్తున్నది."

చీకట్లో ఒక ఊపిరి... పొడుగ్గా, తృప్తిగా...

"దొరికింది."

చంద్రిక ఎలా కదిలిందో ఆమెకే తెలియదు. పిల్లను చంకనెత్తుకుని, మోకాళ్ళు చెక్కుకుపోయినా ఆగకుండా పైకెక్కి గడియ పెట్టింది. రుద్రమ్మ కోడలి ముఖం చూసి దేవుడి దీపం ముందుకు జరిపి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

మహిపాల్ తడిసి వచ్చేసరికి కరెంటు వచ్చింది. విస్తరి కడిగినట్టుంది. భార్య చెప్పింది విని సురేందర్‌కు ఫోను చేశాడు.

"నిజం చెప్పు. యాడిది ఈ ఇరుసు?"

"ఘాట్ రోడ్ల పల్టీ కొట్టిన జీపుది అన్నా. తోలేటాయన అక్కడ్నే పోయిండు."

"ఎంబడి ఎవలున్నరు?"

"బిడ్డ ఉండెనట. బతికిందంటరు కొందరు, దొరకలేదంటరు కొందరు. గివన్ని చెప్తే నువ్వు తీసుకుంటవా?"

"పొద్దుగాల వచ్చి తీసుకపో. గుట్టల ముచ్చట బంద్."

ఆ రాత్రి సుష్మిత జుట్టు చంద్రికే విప్పింది. బతుకమ్మకు పెట్టిన పూలు తీసి, దువ్వి, జడ వేయకుండా వదిలేసింది. పిల్లను మధ్యలో వేసుకుని అత్తాకోడళ్ళు చెరో పక్కన పడుకున్నారు. అలసట ఎక్కువై ఇద్దరికీ ఎప్పుడో కన్నంటుకుంది.

పొద్దున్నే ట్రాలీ వచ్చింది. మహిపాల్, సురేందర్ ఇరుసును ఎత్తి ఎక్కించారు. "నిన్నటికన్న అల్కగున్నదేంది, బరువే తెలుస్తలేదు?" అన్నాడు సురేందర్. చంద్రిక పసుపు నీళ్ళతో పార్కింగు కడిగింది. రుద్రమ్మ రెయిలింగు పట్టుకుని మెట్టు మెట్టూ దిగి, జీపు ముందు కొత్త విస్తరి పెట్టించింది. మహిపాల్ గొంతెత్తి తండ్రి పేరు మూడుసార్లు పిలిచాడు. ఇంటి మీది బరువు దిగినట్టయింది.

అప్పుడు చంద్రిక పిల్లను లేపడానికి పైకి పోయింది.

సుష్మిత గోడ దిక్కు తిరిగి నిద్రపోతోంది. వీపు మీద రెండు జడలు. బిగుతుగా, పాపిట వంకర లేకుండా అల్లిన జడలు. పాయ పాయకూ నల్లటి నూనె.

మహిపాల్‌కు జడ అల్లడం రాదు.

ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. అత్తాకోడళ్ళు బాత్‌రూమ్‌లో పిల్లను కూర్చోబెట్టి, కుంకుడు రసంతో తల రుద్దుతూనే ఉన్నారు. నీళ్ళు నల్లగా పోతూనే ఉన్నాయి.

"మెల్లగ అమ్మా," అంది సుష్మిత కళ్ళు మూసుకుని. "నొస్తున్నది. ఆయన మంచిగ దువ్విండు. రేపు సుత ఏస్తనన్నడు."