క్లచ్ మీద కాలు

కొత్త గౌను మెడ దగ్గరున్న కంపెనీ చీటీని ఆమె చిన్న కత్తెర మొనతో పోగు పోగుగా విప్పుతోంది. ఒక్క దారం ముక్క మిగిలినా కూతురు పిచ్చుకకి అది ముల్లే. గౌను విప్పి పారేసి మంచం కిందకి దూరుతుంది. పదిమంది బట్టలకీ చీటీలు కుట్టే దర్జీ, కూతురి బట్టలకి మాత్రం విప్పుకుంటూ కూర్చుంటుందని కొట్టులో తోటివాళ్ళు ఆటపట్టిస్తుంటారు.

పిచ్చుక అసలు పేరు బడి హాజరు పట్టీలకే తెలుసు. సంతోషం పట్టలేకపోయినా, భయం వేసినా రెండు చేతులూ రెక్కల్లా కొట్టుకుంటుంది కనక ఇంట్లో అది పిచ్చుకే. ఎనిమిదేళ్ళది. ఒక్కసారి కారులో తిప్పితే చాలు, ఆ వీధులన్నీ ఆకాశం నుంచి చూసినట్టు కాగితం మీద గీసేస్తుంది. ఏ సందు మూసుకుపోతుందో, ఎటు తిరిగితే దగ్గరో లెక్కకట్టి మరీ చెబుతుంది. ఆ పిల్లే తరగతిలో గంట మోగితే చెవులు మూసుకుని బల్ల కింద నక్కుతుంది. "తెలివికేం, దండిగా ఉంది. మాకే అంత ఓపిక లేదు" అని పాత బడివాళ్ళు పంపేశారు. నెమ్మదిగా నేర్చుకునే పిల్లల బడికి తీసుకెళ్తే, "దీనికి లెక్కలు చెప్పేవాళ్ళు మా దగ్గర లేరమ్మా" అన్నారు. రెంటికీ చెడ్డ రేవడైంది చిన్నపిల్ల బతుకు.

వెతగ్గా వెతగ్గా ఒక చిన్న బడి దొరికింది. బుర్ర చురుకై, ప్రాణం మాత్రం పచ్చిపుండులా ఉండే ఇలాంటి పిల్లల కోసమే పెట్టింది. ఒక్క చోటే ఖాళీగా ఉంది. ఈవేళ అక్కడి పెద్ద టీచరు పిచ్చుకని చూస్తానన్నారు.

వాకిట్లో భర్త కారు తుడుస్తున్నాడు. డ్రైవింగ్ నేర్పే బండి అది. పక్క సీటు ముందు, కాళ్ళ దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి.

"ఏవండీ, గుర్తుందిగా? ఉన్నది ఉన్నట్టు చూడాలన్నారు టీచరు. మీరు మధ్యలో దూరి 'చేతులు దించు' అనకూడదు."

"అననన్నానుగా! ఎన్నిసార్లు ఒట్టు వేయిస్తావ్?" అన్నాడు గుడ్డ పిండుకుంటూ, తలెత్తకుండా.

"నువ్వూరికే బెంగపడకు అమ్మాయ్. అంతా సవ్యంగా జరుగుతుంది చూడు," అంది మేడమీద గదిలో ఉండే ఆడపడుచు, మెట్ల మీంచి. ఆ ధీమా ఎక్కడిదో ఆమెకి అప్పుడు అర్థం కాలేదు.

బడిలో ఒక గదిలో తల్లిదండ్రుల్ని వెనక కూర్చోబెట్టి, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు టీచరు.

"గుడ్ మార్నింగ్ టీచర్. నాకు బొమ్మలాటలంటే ఇష్టం. నాకు చాలామంది స్నేహితులున్నారు," అంది పిచ్చుక, అడగకముందే, టీచరు కళ్ళలోకి చూస్తూ.

తల్లి ఉలిక్కిపడింది. కన్నతల్లి కళ్ళలోకే చూడని పిల్ల! స్నేహితులెక్కడ? ఒక్కరైనా ఏరీ? టీచరు రంగు పెన్సిళ్ళూ కాగితమూ ముందుకు జరిపారు. పిచ్చుక వాటిని ముట్టుకోలేదు. ఇంతలో బయట గంట గణగణమంది. పిల్ల భుజాలు బిగుసుకున్నాయి. చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు. కుర్చీ కింద ఎడమ కాలు ఒక్కటే నేలని గట్టిగా అదిమింది. అదిమినది అలాగే ఉంది.

తల్లి ఆ కాలినే చూస్తూ ఉండిపోయింది. "కంగారు పుట్టిందా? ముందు ఎడమ కాలితో క్లచ్ తొక్కు. బండి నీ చేతుల్లో ఉంటుంది." తన దగ్గర నేర్చుకునేవాళ్ళందరికీ భర్త చెప్పే మొదటి పాఠం అది. లైసెన్సు పరీక్ష జరిగే దారిలోనే వాళ్ళని తిప్పి తిప్పి, కలలో కూడా తప్పు చేయనివ్వడని అతనికి పేరు. ఆమె పక్కకి తిరిగింది. భర్త ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు, శిష్యుణ్ణి పరీక్షకి పంపినవాడిలా.

"పాప చాలా ఒద్దికగా ఉందండీ," అన్నారు చివర్లో టీచరు. "మామూలు బడిలోనే చక్కగా ఇమిడిపోతుంది. ఈ చోటు ఇంకా అవసరమైన బిడ్డకి ఇవ్వాలి కదా."

మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చారు. వంటింట్లో అడుగుపెట్టాక, ఆమె చేతిసంచి కింద పడేసింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏంటి ఎన్నాళ్ళనుంచి?"

"క్లచ్ పాఠం."

 మేడ దిగి వచ్చిన ఆడపడుచే అడ్డం వచ్చింది. "వాణ్ణెందుకే నిలదీస్తావ్? టీచరులా కుర్చీలో కూర్చుని ప్రశ్నలడిగింది నేను. పిల్ల ఎంత చక్కగా అప్పజెప్పేదనుకున్నావ్! నలుగురిలో నవ్వులపాలు కాకూడదనేగా."

"నేను కొట్టుకి వెళ్ళాక, నా వంటింట్లో, నా కుర్చీలో! పొద్దున 'బెంగపడకు' అన్నది ఇందుకేనా వదినా? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి!"

"అరవకు," అన్నాడు భర్త. "లోపం చూపిస్తే ఏ పరీక్షలోనైనా పాస్ చేస్తారా? బండి ఆగిపోతే ఎవడిస్తాడు లైసెన్సు? రెండు బడులు దాన్ని చూసే గెంటేశాయి. మూడోది కూడా గెంటేస్తే నేను చూడలేను."

"ఇది లైసెన్సు కాదండీ! దాని కష్టం చూసి చేర్చుకునే బడి. ఆ కష్టాన్నే దాచేశారు మీరు. పిల్లని దాచేశారు. నా మొహం చూడకుండానే 'అననన్నానుగా' అన్నారే, అది ఎలా వచ్చింది మీ నోటికి? బయటివాళ్ళు గెంటేస్తే ఏడ్చి ఊరుకున్నాను. ఇంట్లోవాళ్ళే చేస్తే ఎవరితో చెప్పుకోను?"

 గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉంది. కొత్త గౌను ఇంకా విప్పలేదు. చేతులు రెండూ పొట్టకి అదుముకునే ఉన్నాయి. ఎడమ కాలు గడపని నొక్కి పట్టి వణుకుతోంది.

"నాన్నా, పరీక్ష అయిపోయిందా? ఇంక క్లచ్ వదిలెయ్యనా? కాలు నెప్పిగా ఉంది."

 అతను గడప దగ్గర కూలబడి, పిల్ల కాలు మెల్లగా ఎత్తి తన తొడ మీద పెట్టుకున్నాడు. పిక్క రాయిలా గట్టిపడిపోయి ఉంది.

"వదిలెయ్ తల్లీ. నేనే... నేనే తొక్కించానే," అన్నాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

"లేవండి," అంది ఆమె. "బడి మూసేలోగా వెళ్ళి టీచరుకి మీ నోటితోనే చెప్పాలి. ఏడిస్తే నేను కరిగిపోతానని మాత్రం అనుకోకండి."

మళ్ళీ బయల్దేరారు. ఆమె అతని పక్క సీట్లో కూర్చుంది. వెనకనుంచి పిచ్చుక, "పెద్ద రోడ్డు వద్దు నాన్నా, సాయంత్రం నిండిపోతుంది. గడియారాల కొట్టు పక్క సందులోకి తిప్పు," అంది. తిప్పాడు. బడి గేటు కనిపించింది. టీచరు తాళం తీసుకుని బయటకొస్తున్నారు. కారు మాత్రం నెమ్మదించలేదు. స్టీరింగు మీద అతని వేళ్ళు తెల్లబడ్డాయి.

"ఇంకో చుట్టు తిప్పి వద్దాం. ఎలా మొదలుపెట్టాలో..."

ఆ సీటు ముందున్న బ్రేకుని ఆమె ఇన్నేళ్ళలో ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇప్పుడు కాలు చాచి తొక్కింది. బండి గేటు ముందే ఆగింది.

అతను దిగి వెళ్ళాడు. ఏం చెప్పాడో వినిపించలేదు, తల వంచుకున్నది మాత్రం కనిపించింది. టీచరు కారు దగ్గరికొచ్చి వంగి చూశారు. పిచ్చుక ఆవిడ కళ్ళలోకి చూడలేదు. ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో వచ్చిన దారి గీస్తోంది.

"ఈ మూల మలుపు దగ్గర మీ బోర్డు తప్పు," అంది అద్దంతోనే మాట్లాడుతున్నట్టు. "బాణం అటు ఉంది. బడి ఇటు ఉంది."

టీచరు వీధి మూల వైపు చూశారు. "అవునే!" అన్నారు.

పిచ్చుక చేతులు లేచాయి. పొద్దున్నుంచీ బిగబట్టిన రెక్కలు అద్దానికి తగిలేలా టపటపమని కొట్టుకున్నాయి.

"ఆ చోటు ఇస్తానని ఇంకా ఎవరికీ మాటివ్వలేదు," అన్నారు టీచరు తల్లితో. "రేపు తీసుకురండి. ఈసారి ఏమీ నేర్పకుండా."

వెనక నిలబడ్డ భర్త అలవాటుగా "చేతులు..." అనబోయి మింగేశాడు. ఆమెకి అది వినిపించింది. అతని వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, కొట్టుకుంటున్న ఆ చేతుల్ని చూస్తూ, కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, అలాగే కూర్చుంది. బ్రేకు మీంచి కాలు మాత్రం అప్పుడు తీసింది.