పేరు అడగని డాక్టరు

దాక్కున్న గుమాస్తాయే తలుపు తీశాడు. కత్తిగాటుకి కుట్లు వెయ్యడానికి వచ్చిన డాక్టరు బ్యాగు తెరిచి, సైలెన్సర్ బిగించిన పిస్టల్ బయటికి తీశాడు. చచ్చిన గుమాస్తా చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. చివరి సెర్చ్: "ఆసుపత్రికి వెళ్ళకుండా గాయానికి కుట్లు."

"ఇతను మూడోవాడు," అన్నాడు గూఢచారి ఏజెన్సీ చీఫ్. అందరూ పెద్దాయన అంటారు. "ముగ్గురూ మన కోడ్ సెక్షన్ వాళ్ళే. విదేశీ ముఠాకి భయపడి మనకి కూడా చెప్పకుండా దాక్కున్నారు. ముగ్గురూ ఒకే వెబ్‌సైట్ తెరిచారు. ఇక మిగిలింది ఒక్కరే."

ఆ ఒక్కరెవరో ఎదురుగా నిలబడ్డ ఏజెంటుకి చెప్పక్కర్లేదు. అతని సొంత చెల్లెలు. ఉబ్బసం ఉన్న చిన్న కూతురితో సహా మాయమైంది. డిపార్టుమెంటులో అతన్ని కొంగ అంటారు, ఒంటికాలి మీద ఎంతసేపైనా ఉలకడు పలకడని. ఆవేళ మాత్రం పెద్దాయన మాట పూర్తికాకముందే తలుపు వైపు కదిలాడు.

"ముఠాలో మనకో మనిషి ఉంది. నెమలి. రెండు వైపులా జీతం తింటుంది. వెళ్ళు, కానీ నమ్మకు."

నెమలి కూర్చునే బ్యూటీ పార్లర్లో కొంగ ఏసీ మెకానిక్ వేషంలో దిగాడు.

"చల్లగా రావట్లేదా అమ్మా?"

"చల్లగానే ఉంది. చప్పుడే ఎక్కువ."

కోడ్ కలిసింది. ఆకుపచ్చ పట్టుబట్టల్లో నెమలి గోళ్ళరంగు ఆరబెట్టుకుంటోంది. చూసినవాడి కళ్ళు తిప్పుకోనివ్వని మనిషి. ఆమె కళ్ళజోడు అద్దం మీద సన్నటి అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. ముగ్గురూ తెరిచిన ఆ సైట్‌కి వచ్చే ప్రతి సెర్చూ అక్కడ కనిపిస్తుంది.

"మీవాళ్ళు కీవర్డులు లెక్కపెడతారు," అందామె. "ఉబ్బసం మందని ఊరంతా వెతుకుతుంది. ఆ మాట మాకెందుకు? దాని పక్కన 'ఆసుపత్రికి వెళ్ళకుండా' అని తగిలించినవాడే కావాలి. వాడు వెతికేది మందొక్కటే కాదు, చాటు కూడా. ఆ చాటు మేం కట్టిపెడతాం. డాక్టరు ఇంటికే వస్తాడు, పేరు అడగడు."

"మరి సెర్చ్‌లో అంత పైకెలా వచ్చింది ఆ పేజీ?"

నెమలి నవ్వింది. "మీ పుణ్యమే. నిఘా పేరుతో మీ ఆఫీసంతా రోజూ అదే సెర్చ్ కొట్టి, మా పేజీ తెరిచి, కూర్చుని చదువుతోంది. సెర్చ్ ఇంజనుకి నిఘా ఏం తెలుసు? ఇంతమంది ఇంతసేపు ఉన్నారంటే సరైన జవాబు ఇదేననుకుంది. పీట వేసి మరీ మొదట కూర్చోబెట్టింది."

ఆ పేజీని కొంగ కూడా తెరిచాడు. చాలాసార్లు.

అంతలో అద్దం మీద కొత్త వరుస పాకింది: "పాపకి ఆయాసం మందు అయిపోయింది ఆసుపత్రికి వెళ్ళకుండా."

"నీ మనిషేనా?"

కొంగ తలూపాడు.

"పేజీ తెరిచింది. ఏ వీధో మావాళ్ళకి తెలిసిపోయినట్టే, ఇల్లు మాత్రం తెలీదు. ఇప్పుడు డాక్టరుకి ఫోన్ చేస్తుంది. ఆ నెంబరు నీదిగా మార్చగలను. మార్చింది నేనేనని వాళ్ళకి ఇట్టే తెలుస్తుంది."

"తెలిస్తే?"

"అడగాలా?" తడి గోళ్ళతోనే టైప్ చేసింది. "ఆ పేజీలో ప్రతి అక్షరం నేను రాసిందే. ముగ్గురు పోయింది చాలు."

కొంగ ఫోను మోగింది.

"డాక్టరుగారా?" వెనకాల పాప ఊపిరి పిల్లనగ్రోవిలా కూస్తోంది.

"నేనమ్మా. అన్నయ్యని."

చెల్లెలు గొంతు తగ్గించింది. "ముగ్గుర్నీ తినేసింది నువ్వా అన్నయ్యా?"

చెవిలో ఇయర్‌పీస్ అరిచింది. పెద్దాయన. "అడ్రస్ అడుగు! ముందు అడ్రస్!"

కొంగ ఇయర్‌పీస్ పీకి పారేశాడు. చెల్లెలు అన్న కోసం ఫోన్ చెయ్యలేదు. కాపాడమనీ చెయ్యలేదు. పాపకి ఊపిరాడటం లేదని చేసింది.

"పాపని పడుకోబెట్టావా?"

"...ఆఁ."

"లేపి కూర్చోబెట్టు. దిండు మీద చేతులు ఆనించి కాస్త ముందుకి వంచు. మెడ దగ్గర గుండీ తియ్యి. వేడిపాలు ఊదినట్టు మెల్లగా ఊదమను. నువ్వెక్కడున్నావో నాకు చెప్పకు."

ఫోను పట్టుకునే వ్యాను ఎక్కాడు. మందుల షాపు ముందు ఆపి ఇన్‌హేలర్ కొన్నాడు. ఎటు వెళ్ళాలో తెలియక స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఫోన్లో కూత కొంచెం సన్నబడింది, పోలేదు.

"అన్నయ్యా." ఏడుస్తోంది. "పాత ప్రింటింగ్ ప్రెస్సు వెనక సందు. టైలర్ కొట్టు మీద గది. మందు తీసుకురా."

అతను మెట్ల కిందికి చేరేసరికి పైన డాక్టరు తలుపు తడుతున్నాడు. వరసగా అన్ని ఇళ్ళూ తడుతూ వచ్చాడు. లోపల గడియ కదిలింది.

"ఏసీ రిపేరండీ!" అని అరిచాడు కొంగ.

డాక్టరు వెనక్కి తిరిగాడు. మొదటి గుండు గోడ పెచ్చు రాల్చింది. రెండోది పేలకముందే రెంచి అతని మణికట్టు మీద పడింది. ఇద్దరూ మెట్ల మీదుగా దొర్లారు. కింద లేచింది ఒక్కడే. ఇన్‌హేలర్ తీసుకుని పైకెళ్ళాడు.

నెమలి పార్లర్లోంచి ప్రాణాలతో బయటికి రాలేదు. ఆమె శవం కోసం రెండు దేశాల్లో ఏ దేశమూ కబురు పెట్టలేదు.

"అనుమానంతో ఉన్న మనిషి నోట్లోంచి అడ్రస్ ఎలా లాగావోయ్?" అన్నాడు పెద్దాయన మర్నాడు. "ట్రైనింగులో పెట్టిద్దాం."

"లాగలేదు సార్. తను అడిగింది ఇచ్చాను."

పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మన డిపార్టుమెంటులో అలాంటి పద్ధతి లేదే," అన్నాడు.