పద్దెనిమిది అడుగుల వాలు

పొద్దున్న ఏడైనా కాలేదు, ఎవాంజలిన్‌కి అప్పుడే నీరసం ముంచుకొచ్చింది. నిన్న బీచ్ రోడ్డులో మూడు హోటళ్ళు, మొన్న స్టేషన్ దగ్గర నాలుగు. తలుపు వెడల్పెంత, మంచం ఎత్తెంత, బాత్రూంలో చక్రాల కుర్చీ తిరుగుతుందా అని టేపు పట్టి కొలిచి కొలిచి మోకాళ్ళు పట్టేశాయి. కుర్చీలో తిరిగేవాళ్ళకి ఏ హోటల్ పనికొస్తుందో చూసి రాయడమే ఆమె ఉద్యోగం. ఆ రిపోర్టు చూసే టూర్ కంపెనీ గదులు బుక్ చేస్తుంది.

సీతమ్మధారలోని వాళ్ళింట్లోనూ ఒక చక్రాల కుర్చీ ఉంది. అందులో కూర్చునేది ఆమె తండ్రి జోజి. ఫిషింగ్ హార్బర్‌లో ముప్పయ్యేళ్ళు పడవలు కట్టిన వడ్రంగి. నాలుగేళ్ళ కిందట పని చేస్తుంటే పరంజా విరిగి కిందపడ్డాడు. అప్పట్నుంచి నడుము కింద చచ్చుబడిపోయింది.

"శనివారం నాను రాను," అన్నాడు జోజి, టీ గ్లాసు పక్కన పెట్టి.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. శనివారం కొడుకు డానీకి ప్రధానం, అంటే ఉంగరాలు మార్చుకునే రోజు. హోటల్లో హాలు మాట్లాడి పదిరోజులైంది.

"ఏటండీ ఆ మాట?" ఆయన భార్య రత్నమణి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఉంగరం అందించాల్సిన తండ్రి ఏడీ అంటే పిల్ల తరపోళ్ళకి నానేటి సెప్పను?"

"ఒంట్లో బాలేదని సెప్పు."

"డాడీ, ఆ హోటల్ అక్కే చూసింది," అన్నాడు డానీ. "పర్వాలేదని తనే రాసింది."

ఎవాంజలిన్ చెప్పులు వేసుకోబోతూ ఆగింది. "మూడు మెట్లే డాడీ. సెక్యూరిటీవాళ్ళు ఎత్తేస్తారు. మంచోళ్ళు."

"మంచోళ్ళే. కాదన్నానేటి?" జోజి గొంతు పెంచలేదు. "రెండేళ్ళయింది నాను చర్చికెళ్ళి. నడుంనొప్పని సెప్పాను. నొప్పీ లేదు, గిప్పీ లేదు. నలుగురు కుర్రోళ్ళు కుర్చీ పైకెత్తితే లోపలున్నోళ్ళందరూ ఎనక్కి తిరిగి సూత్తారు. పాస్టరుగారు నవ్వుతా, బైబిల్లో యేసు దగ్గరికి ఆ పక్షవాత రోగిని కూడా నలుగురే మోసుకొచ్చారంటారు. ఆ రోగి ఇంటికి నడిసెళ్ళాడే! నన్ను మళ్ళీ మోసుకొచ్చే దింపుతారు."

"మీకు మీ రోషమే గొప్ప!" రత్నమణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఎవాంజలిన్‌కి ఓపిక నశించింది. "రోజంతా ఎండలో తిరిగి చస్తున్నాను. ఇంట్లో కూడా ఇదే గొడవైతే నేనేం చెయ్యను డాడీ? ఆ మెట్లు నేను కట్టానా?"

"కట్టలేదమ్మా," అన్నాడు జోజి. "పాసు సేసావు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆటోలో దారి పొడుగునా తన ఫారమే కళ్ళ ముందు ఆడింది. లోపలికి దారి ఉందా? ఉంది, సిబ్బంది సాయంతో. ఎన్ని హోటళ్ళకి అలా రాసిందో! ఎత్తేవాళ్ళు ఉన్నారా అని అడిగింది గానీ, ఎత్తించుకునేవాళ్ళని ఒక్కనాడూ అడగలేదు. నాలుగేళ్ళుగా ఇంట్లోనే ఉన్న మనిషిని కూడా అడగలేదు.

ఆ రోజు వెళ్ళాల్సిన హోటల్ మానేసి, శనివారం హోటల్ ముందే దిగింది. మేనేజర్ త్రినాథరావు ఎదురొచ్చాడు.

"మీ చక్రాల కుర్చీ తెప్పించండి. నేను కూర్చుంటాను, పైకెత్తించండి," అంది.

"మీరెందుకు మేడం!"

"చెప్తాను, ఎత్తించండి."

ఇద్దరు ముందు, ఇద్దరు వెనక పట్టుకున్నారు. కుర్చీ వెనక్కి వాలగానే ఆమె ఎవడి చొక్కానో గట్టిగా పట్టుకుంది. కాలి చెప్పు జారి మెట్ల మీద పడింది. "బరువుగానే ఉన్నారే!" అని ఒకడు నవ్వాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. లోపల దింపి, పూలకుండీ పక్కన గోడకేసి వదిలేసి, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. లేవగలిగి కూడా ఆమె లేవలేదు. చాలాసేపు ఆ గోడనే చూస్తూ కూర్చుంది.

తర్వాత ఫోన్ తీసి, ఆ హోటల్ పేరు ఎదురుగా 'ఉంది' కొట్టేసి 'లేదు' అని రాసింది. మూడు మెట్ల ఎత్తూ కలిపి కొలిస్తే పద్దెనిమిది అంగుళాలు తేలింది.

"శనివారం ఫంక్షన్ మీదే కదా మేడం!" త్రినాథరావు లబోదిబోమన్నాడు. "ఇప్పటికిప్పుడు మెట్లు పగలగొట్టమంటారా?"

"వద్దు. మెట్ల మీదుగా కుర్చీ ఎక్కేలా చెక్కవాలు మేం తెచ్చి వేస్తాం. మీరు పక్కాగా కట్టించిన రోజు మళ్ళీ 'ఉంది' అని రాస్తాను."

సాయంత్రం ఇంటికొచ్చి తండ్రి కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది.

"డాడీ, ఇవాళ నేనూ ఎత్తించుకున్నాను."

జోజి ఆమెకేసి చూశాడు. "గోడకేసి ఒగ్గేసారా?"

ఎవాంజలిన్‌కి ఏడుపు ఆగలేదు. ఆయన ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన మొరటు చెయ్యి ఆమె జుట్టు మీద అలాగే ఉండిపోయింది.

"నన్ను క్షమించు డాడీ. ఆ మెట్ల మీద వెయ్యడానికి అంగుళం ఎత్తుకి అడుగు చొప్పున చెక్కవాలు కావాలి. పద్దెనిమిది అడుగులు. నువ్వు చేస్తావా?"

జోజి వాకిలి పొడవు కళ్ళతోనే కొలిచాడు. తర్వాత అన్నాడు: "అప్పలరాజుకి ఫోన్ కొట్టు. నా ఉలులు ఆడి దగ్గరే ఉన్నాయి."

హార్బర్‌లో జోజికి జోడీగా పని చేసిన అప్పలరాజు మర్నాడే పడవ పలకలు ఆటో మీద వేసుకొచ్చాడు. మూడు రోజులు వాకిట్లో రంపం చప్పుడే. "బావా, ఇది పడవేటి, ఇంత నున్నగా సెయ్యడానికి?" అని అతను గునిశాడు. "నోర్ముయ్యి. ఆ మేకు తలకాయ లోపలికి కొట్టు," అన్నాడు జోజి. ఆ గదమాయింపు విని నాలుగేళ్ళయిందని రత్నమణి గుమ్మంలో నిలబడి నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

శనివారం సాయంత్రం హోటల్ మెట్ల మీద చెక్కవాలు వేసి ఉన్నా, చర్చి కుర్రాళ్ళు నలుగురూ అలవాటు కొద్దీ చొక్కా చేతులు మడిచి ముందుకొచ్చారు. జోజి తల అడ్డంగా ఊపి చక్రాలు పట్టుకున్నాడు. సగం వాలులో ఆయాసం వచ్చి ఆగాడు. ఎవాంజలిన్ చెయ్యి కుర్చీ దాకా వెళ్ళింది.

"ఒగ్గీ."

ఆమె చెయ్యి తీసేసింది. పైన వియ్యాలవారంతా నిలబడి చూస్తున్నారు. జోజి తొందరపడలేదు. ఊపిరి తీసుకుని, చొక్కా సరిచేసుకుని, మళ్ళీ తోసుకున్నాడు. పైకెక్కాక, ఉంగరం జేబులో ఉందో లేదో తడిమి చూసుకుని కూతురికేసి తిరిగాడు.

"మన చర్చికి ఎన్ని మెట్లే?"

"నాలుగు డాడీ."

"కొలిసావా?"

ఊరంతా కొలిచిన ఎవాంజలిన్ తల దించుకుంది. "లేదు."

"రేపు ఆదివారమే కదా. టేపు తెచ్చుకో," అని జోజి తన కుర్చీని తానే హాల్లోకి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.