డబ్బాల కాగితం

నక్కవాగు పొంగి, బస్తీ గోడల మీద మోకాలెత్తున నల్లగీత మిగిల్చిపోయిన ఏడాదికి అది నాలుగో ఏడు. పార్లమెంటు ఎలక్షన్లు అయిపోయాయి. వానలు కూడా తగ్గుముఖం పట్టాయి. పటాన్‌చెరు దగ్గర పైపుల కంపెనీలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి దిగిపోయిన పెంటయ్య, పొద్దున్నే అరుగు మీద కూర్చుని చాయ్‌లో రస్కు ముంచుకుంటున్నాడు.

గేటు తీసుకుని దుర్గాదేవి వచ్చింది. పెంటయ్యతో ఒకే మిషను మీద పనిచేసిన సూర్యప్రకాశరావు భార్య. ఆయన పోయి మూడు నెలలైంది. ఆమె చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. మూత మీద కార్మికుల పొదుపు సంఘం పేరు చెక్కి ఉంది.

“అన్నయ్యగారూ, ఈ డబ్బా మీరే ఉంచుకోండి,” అని అరుగు మీద పెట్టింది.

“ఏందమ్మా గిది? జెర కూసో.”

“కూర్చోను. మా ఆయన పాతికేళ్లు సంఘంలో కట్టుకున్న డబ్బు కోసం నిన్న వెళ్లాను. లేదన్నారు. ఎప్పుడొస్తుందో తెలీదన్నారు. గట్టిగా అడిగితే ఓ కాగితం చూపించారు. ఎలక్షన్లో నిలబడ్డ సారుకి నలభై లక్షలు చందా ఇవ్వడానికి సభ్యులందరూ ఒప్పుకున్నారట. అందులో ఆయన సంతకం ఉంది. డబ్బా తీసుకున్నందుకని మీరు పెట్టించారే, ఆ సంతకం.”

పెంటయ్య చేతిలోని రస్కు మెత్తబడి గ్లాసులోకి జారిపోయింది.

ఏటా సంఘం సభ రోజున మనిషికో వస్తువు ఇస్తారు. ఒక ఏడు బిందె, ఒక ఏడు ఫ్యాను, ఈ ఏడు డబ్బా. సంతకాల బల్ల దగ్గర ఎప్పుడూ పెంటయ్యే. చదివింది మూడో తరగతే అయినా, సంఘం మొదలుపెట్టిన పదిమందిలో ఒకడు. ఆయన వేలు పెట్టి చూపిన చోట కంపెనీ అంతా సంతకం చేసేది. ఈసారి కాగితాలు రెండున్నాయి. రెండోది ఎందుకని కొడుకు రాజశేఖర్‌ని అడిగాడు. రాజశేఖరే ఇప్పుడు సంఘం అధ్యక్షుడు. “అది గూడ డబ్బాలదే నాయినా,” అన్నాడు. పెంటయ్య కూడబలుక్కుని ఒక కాగితం చదవాలంటే పావుగంట పడుతుంది. వెనక మూడువందల మంది నిలబడి ఉన్నారు. చదవలేదు.

రాజశేఖర్ తెల్ల అంగీ గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. ఢిల్లీ విమానానికి టైమవుతోంది.

“ఆంటీ, మీ పైసలు యాడికి పోవు. జెర ఓపిక పట్టుండ్రి.”

“కాగితం మీద ఏం రాసినవురా?” అని అడిగాడు పెంటయ్య.

“సంఘం మంచికే రాసిన నాయినా. సారు గెలిచిండు. ఢిల్లీల మన మాట నడుస్తది. రేపు మన సంఘం బ్యాంకు అయితది.”

“అయిందా?”

“గివన్ని ఒక్కరోజుల అయితయా? అక్కడ కార్మికుల కమిటీల నన్ను ఏసిండ్రు. ముందుగాల గదే మొదటి మెట్టు.”

లోపల రొట్టెలు చేస్తున్న రాజశేఖర్ తల్లి పోశమ్మ పిండి చేతులతోనే గడప మీదికి వచ్చింది. “మూడువందల మంది నెత్తుల మీద మెట్టు కట్టుకున్నవా బిడ్డా? నువ్వెక్కితే ఆళ్లందరు ఎక్కినట్టేనా?”

“నువ్వు ఊకో అవ్వా. ఎలక్షన్లల్ల అందరు ఇస్తరు. పెద్ద పెద్ద కంపెనీలు ఇస్తలేవా?”

“ఆళ్ల పైసలు ఆళ్లు ఇచ్చుకుంటరు,” అన్నాడు పెంటయ్య. “నాతోని అబద్ధం ఎందుకు చెప్పినవు?”

రాజశేఖర్ చివరి గుండీ పెట్టుకున్నాడు. “చదివి చెప్తే ఎవ్వరు పెట్టరు నాయినా. నువ్వు కూసుంటే ఎవ్వరు చదవరు.”

బయట కారు హారన్ కొట్టింది. రాజశేఖర్ బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. ముప్ఫై ఏళ్లు జనం తనను నమ్మారని పెంటయ్య లోలోపల గర్వపడేవాడు. ఆ నమ్మకం ఎంతకు పనికొస్తుందో కొడుకు లెక్క కట్టి పెట్టుకున్నాడు. పెంటయ్య కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఒత్తుకున్నకొద్దీ తడి ఊరుతూనే ఉంది.

“చెల్లె, నీకు రాసుడొస్తది కద,” అన్నాడు చివరికి. “సహకార ఆఫీసుకు ఒక అర్జీ రాయి.”

“కొడుకు పేరు రాపిస్తవా?” అని అడిగింది పోశమ్మ.

“రాపిస్త. దానికంటె ముందు నా పేరు రాపిస్త.”

పోశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వద్దనలేదు. లోపలికి వెళ్లి తెల్లకాగితం తెచ్చి దుర్గాదేవి ముందు పెట్టింది. రాసింది రెండుసార్లు చదివించుకున్నాడు పెంటయ్య. ఆమె వెళ్లాక పొద్దుగూకేదాకా తనే ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ కూర్చున్నాడు.

మర్నాడు ఆరు గంటల షిఫ్టుకు ముందే అర్జీ పట్టుకుని కంపెనీ గేటు దగ్గర నిలబడ్డాడు. మొదట వచ్చిన కార్మికుడు కళ్యాణ్ బండి దిగకుండానే పెన్ను అందుకున్నాడు.

“టైమైతుంది పెంటన్నా. నువ్వున్నవు కద, ఏడ పెట్టాల్నో చూపియ్యి.”

పెంటయ్య కాగితం మీద అరచెయ్యి మోపాడు. “నేను చదివేది ఇన్నంకనే పెట్టు,” అన్నాడు. వెనక బండ్లు ఆగుతున్నాయి. ఆయన తొందరపడలేదు. మొదటి అక్షరం కింద వేలు పెట్టి, అందరికీ వినపడేలా చదవడం మొదలుపెట్టాడు.

“పెం... టయ్య... అనే నేను... చదవకుండా... సభ్యులతో సంతకాలు... పెట్టించాను...”