తీసిన చీటీ

పప్పన్నం తిన్న చేతులతో పిల్లలంతా కుళాయిల దగ్గర నిలబడ్డారు. ఎన్నిసార్లు తిప్పినా చుక్క నీళ్లు రాలేదు.

బడిలో వంట చేసే రాఘవమ్మ డాబా ఎక్కి చూసి వచ్చింది.

"ట్యాంకు ఖాళీ అయిపోయింది సార్! తోటలో పైపు పొద్దుట్నించీ పారుతూనే ఉంది. తోటకూర మడి చెరువైపోయిందండి."

హెడ్మాస్టర్ వెంకట్రామయ్య గారికి కోపం వచ్చింది. "ఈ వారం తోట లీడర్ ఎవరు?"

తనూజ భయంభయంగా చెయ్యెత్తింది. "నేనేనండి. కానీ కుళాయి నేను తిప్పలేదు సార్."

"మరి దానంతటదే తిరిగిందా? ఇంత బాధ్యత లేకపోతే రేపు సముద్రం దగ్గరికి నిన్నెలా తీసుకెళ్తాను? నువ్వు రావద్దు."

మర్నాడు శనివారం. ఐదో తరగతి వాళ్లు బస్సులో రేపల్లె నుంచి బాపట్ల వెళ్లి సముద్రం చూసి రావాలి. తనూజ ఇంతవరకు సముద్రం చూడలేదు. తమ్ముడికి గవ్వలు తెస్తానని వారం రోజులుగా చెబుతోంది. ఇప్పుడు తల వంచుకుని ఏడుస్తోంది.

తనూజ తరగతిలోనే చదివే హెప్సిబా వెనక నిలబడి తన ప్లేటు వైపే చూస్తూ ఉండిపోయింది. కుళాయి తిప్పింది తనే. పొద్దున తొందరగా వచ్చి, సరదా పడి తోటకు పైపు పెట్టింది. బెల్లు కొట్టగానే పరిగెత్తింది, కట్టేయడం మర్చిపోయింది. ఆ మాట చెప్పేస్తే సరిపోయేది. కానీ చెబితే తనకూ బస్సు ఉండదేమో! ప్లేటు పట్టుకుని ఇంకో అడుగు వెనక్కి జరిగింది.

రాఘవమ్మ మాత్రం బోరింగు దగ్గర నుంచి బిందెలతో నీళ్లు మోస్తూనే ఉంది.

హెప్సిబా వాళ్లింట్లో రొట్టె ఆకారంలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. దాని నిండా చీటీలే. పాత పెళ్లికార్డులు కత్తిరించి, వెనకవైపు నానమ్మ దానమ్మ స్వయంగా రాసినవి. బైబిల్లోని మాటలను పిల్లలకు అర్థమయ్యేలా తన మాటల్లో రాసింది. మంచి రోజుకు పనికొచ్చేవీ ఉన్నాయి, చెడ్డ రోజుకు పనికొచ్చేవీ ఉన్నాయి. రోజుకొకటి తీయాలి. తీసింది మార్చకూడదు.

హెప్సిబా మార్చేది. దీవెనలు వస్తే ఉంచుకునేది. బుద్ధి మాటలు వస్తే గుట్టుగా లోపల పెట్టేసి ఇంకోటి తీసేది.

ఆ సాయంత్రం ధైర్యం కోసం డబ్బా తెరిచింది. మొదటి చీటీ తీసింది. 'తప్పు దాచిపెడితే మేలు జరగదు. ఒప్పుకుంటే కనికరం దొరుకుతుంది.'

గబుక్కున దాన్ని లోపల పడేసింది. రెండోది తీసింది. 'భయపడకు. నేను నీకు తోడున్నాను.'

"హమ్మయ్య!" అనుకుని నానమ్మకు చూపించింది. "చూడు నానమ్మా, భయపడొద్దంట!"

చిక్కుడుకాయలు ఒలుస్తున్న నానమ్మ కళ్లజోడు సర్దుకుని చదివింది.

"బాగుందే. అయితే ఏదో భయపడే పనే ఉందన్నమాట నీకు."

"అదేంటి?"

"మంచమెక్కి ముసుగుతన్ని పడుకునేవాడికి భయపడకు అని ఎవరు చెప్తారే? కష్టమైన పని మీద వెళ్లేవాడికే చెప్తారు. నువ్వెక్కడికి వెళ్లాలో మరి!"

ఎక్కడికి వెళ్లాలో హెప్సిబాకు తెలుసు. పడుకునే ముందు డబ్బాలో వెతికి, లోపల పడేసిన మొదటి చీటీ కూడా తీసుకుంది. రెండూ కంపాస్ బాక్సులో పెట్టుకుంది.

ఉదయం ఏడింటికి బస్సు బడి ముందు ఆగి ఉంది. హెప్సిబా నేరుగా హెడ్మాస్టర్ గారి దగ్గరికి వెళ్లింది.

"సార్, కుళాయి తిప్పింది నేనండి. తనూజ కాదు. నన్ను తీసుకెళ్లకపోయినా ఫర్లేదండి, తనని తీసుకెళ్లండి."

ఆయన గడియారం చూసుకున్నారు.

"నేనూ కనుక్కోకుండా ఆ పిల్లని తిట్టాను. వాళ్లిల్లు తెలుసా?"

"పక్క వీధేనండి."

"పరిగెత్తు! ఇద్దరూ వచ్చేదాకా బస్సు కదలదు. సోమవారం నుంచి వారం రోజులు తోటకు నీళ్లు నువ్వే పెట్టాలి. కుళాయి కట్టేశాక నన్ను పిలిచి చూపించాలి. రాఘవమ్మకు సారీ చెప్పాలి."

"అలాగేనండి!"

హెప్సిబా గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. ఒక్క ఉరుకున తనూజ గుమ్మంలో వాలి, జరిగిందంతా చెప్పేసింది.

తనూజ మూతి ముడుచుకుంది. "నిన్న ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"ఇప్పుడెయ్యట్లేదా?"

"వేసింది. అయినా చెప్పేశా."

తనూజ ఇంకో రెండు నిమిషాలు అలగాలనుకుంది. కానీ వీధి చివర బస్సు హారన్ కొట్టింది. చెప్పులు చేత్తో పట్టుకుని హెప్సిబాతో పరిగెత్తింది.

సోమవారం ఉదయం హెప్సిబా డబ్బాలోంచి చీటీ తీసింది. 'సోమరీ, చీమను చూసి బుద్ధి తెచ్చుకో.'

ముఖం చిట్లించింది. చెయ్యి అలవాటుగా డబ్బా వైపు వెళ్లింది.

"ఏంటి, మార్చుకుంటావా?" పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే అడిగింది నానమ్మ.

హెప్సిబా నాలుక కరుచుకుంది. ఇన్నాళ్లూ నానమ్మకు తెలుసన్నమాట!

"వద్దులే నానమ్మా," అంటూ నవ్వేసి, తన దుప్పటి మడతపెట్టింది. చీటీని కంపాస్ బాక్సులో వేసుకుని, తోటకు నీళ్లు పెట్టడానికి బడికి బయల్దేరింది.